అర అడుగు ఆలస్యం

హార్ల్‌బీ,
1973 నవంబర్ 11

గ్రైస్ గారికి,

నా పేరు ట్రెవర్ హాల్డెన్. పోయిన శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మీ మీదికి వచ్చి పడ్డ హార్ల్‌బీ జట్టు తొమ్మిదో నంబరు ఆటగాణ్ణి నేనే.

మర్నాడు బస్సెక్కి మీ ఊరి ఆసుపత్రికి వచ్చాను. ఇంటివాళ్ళను తప్ప ఎవరినీ లోపలికి పంపనంది నర్సు. తెచ్చిన ద్రాక్షపళ్ళ పొట్లం ఆమె చేతిలో పెట్టి వెనక్కి వచ్చేశాను. ఎవరిచ్చారని చెప్పమంటావని అడిగితే పేరు చెప్పడానికి నోరు రాలేదు.

నాకు పందొమ్మిదేళ్ళు. ఇటుకల బట్టీలో పని మానేసి ఈ ఆగస్టులోనే క్లబ్బులో చేరాను. అది నా తొమ్మిదో మ్యాచ్. ఇంతకుముందు నావల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ రోజు నేలంతా బురదగా ఉంది. బంతి మనిద్దరి మధ్యా పడింది. నేను బంతి కోసమే వచ్చాను. ఆగలేకపోయాను. నమ్మండి.

త్వరగా కోలుకోవాలని కోరుకుంటూ,
ట్రెవర్ హాల్డెన్


రెన్‌స్టో,
1973 నవంబర్ 20

మిస్టర్ హాల్డెన్,

నేను వాల్టర్ భార్యను. ఆయన ఉత్తరం చదివే స్థితిలో లేరు. చదివి వినిపించాల్సిన పని నాకు పడింది.

మీరు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. చెంప ఎముక మూడుచోట్ల విరిగింది. ఎడమ కన్ను పోయింది. చూపు తగ్గడం కాదు, పోయింది. పదిహేనేళ్ళు గోల్‌పోస్టుల మధ్య నిలబడ్డ మనిషికి ఇక ఆ పని లేదని డాక్టరు మొన్న చెప్పారు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు. మా అమ్మాయి లిన్నెట్‌కి ఆరేళ్ళు. కట్టు చూసి భయపడి మంచం దగ్గరికి రాలేదు.

ద్రాక్షపళ్ళు పక్క మంచం ఆయన తిన్నాడు.

దయచేసి ఇక రాయకండి.

మ్యూరియల్ గ్రైస్


హార్ల్‌బీ,
1973 డిసెంబర్ 16

గ్రైస్ గారికి, శ్రీమతి గ్రైస్ గారికి,

రాయవద్దన్నారు. అయినా రాస్తున్నాను. ఇది చదవకుండా చింపేసినా నాకు బాధ లేదు.

మీ ఉత్తరం వచ్చాక ఆరు మ్యాచ్‌లాడాను. గోల్ ఒక్కటీ లేదు. గోలీ బంతి కోసం ముందుకొస్తుంటే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతున్నాయి. మొన్న ఖాళీ గోలు ముందు నిలబడి బంతిని బయటికి తన్నాను. మా మేనేజర్ పెల్లమ్ గారు నన్ను రిజర్వు జట్టులో వేశారు. “నీకు గుండె లేదురా, బట్టీకే పో” అన్నారు అందరి ముందూ.

ఇదంతా మీ జాలి కోసం చెప్పడం లేదు. మీకు జరిగినదాని ముందు ఇది లెక్కలోది కాదు. నేను హాయిగా తిరుగుతున్నానని మాత్రం మీరు అనుకోకూడదు. అంతే.

ట్రెవర్ హాల్డెన్


రెన్‌స్టో,
1974 జనవరి 13

హాల్డెన్‌కి,

చెబుతున్నది నేను, రాస్తున్నది మ్యూరియల్. కలం కాగితాన్ని చీల్చేలా నొక్కుతోంది. అక్షరాల్లో కోపం కనిపిస్తే అది తనది, నాది కాదు.

ఇంటికి వచ్చి నెలయింది. వంటింట్లో కూర్చుని, బొగ్గు పొయ్యి చూస్తూ, రేడియో వింటూ ఉంటాను. శనివారం సాయంత్రం వచ్చే గులాబీరంగు క్రీడాపత్రికలో మ్యూరియల్ నాలుగో డివిజన్ ఫలితాలన్నీ చదువుతుంది. గోల్ కొట్టినవాళ్ళ పేర్లలో నీ పేరు రావడం లేదని గమనించాను. నాకు కన్ను పోయి, నీకు ఆటా పోతే, ఆ శనివారం వల్ల ఎవరికి ఏం ఒరిగినట్టు?

ఒక సంగతి చెబుతాను, విను. గోలీ బయటికి వస్తున్నప్పుడు నీలాంటి కుర్రాళ్ళు అతని మొహం చూస్తారు. మొహంతో మేం నాటకాలాడతాం. మోకాళ్ళు చూడు. ఏ మోకాలు వంగి ఉందో బరువంతా దానిమీదే ఉంటుంది. ఆ కాలి పక్కనుంచి నేలబారుగా పంపావంటే వంగి అందుకోలేడు. అతన్ని తాకే అవసరమే ఉండదు.

వాల్టర్ గ్రైస్

ఇది నేను రాస్తున్నాను. నాకిది ఇష్టం లేదు. కాని నీ రెండో ఉత్తరం చదివిన రోజు ఆయన లేచి గడ్డం గీసుకున్నారు. నెలన్నర తర్వాత అదే మొదటిసారి. ఆ సంగతి దాచడం న్యాయం కాదనిపించింది. – మ్యూరియల్


హార్ల్‌బీ,
1974 ఫిబ్రవరి 17

గ్రైస్ గారికి,

మోకాలు వంగింది. కుడి మోకాలు.

జ్వరాలతో సగం జట్టు పడుకుంటే నన్ను మళ్ళీ మొదటి జట్టులోకి పిలిచారు. కరెంటు కోతల వల్ల మంగళవారం మధ్యాహ్నమే ఆట పెట్టారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఎనిమిది వందల మంది ఉంటారేమో. రెండో సగంలో నాకూ గోలీకి మధ్య ఇంకెవరూ లేరు. పాత భయమే పట్టుకుంది. అప్పుడు మీ మాట గుర్తొచ్చి కిందికి చూశాను. కుడి మోకాలు వంగి ఉంది. ఆ పక్కనుంచే పంపాను. అంత నెమ్మదిగా వెళ్ళిన బంతి గోల్ కావడం నేనెప్పుడూ చూడలేదు. గోలీ వంగి చూస్తూ ఉండిపోయాడు.

శనివారం ఇంకొకటి కొట్టాను. నేనుంటున్న ఇంటి ఆవిడ ‘కిడ్నీ పై’ అనే మాంసపు రొట్టె చేసి పెట్టింది. పెల్లమ్ గారు వీపు మీద చరిచి, “గుండె దొరికిందన్నమాట” అన్నారు. ఎక్కడ దొరికిందో నేను చెప్పలేదు.

మీ కన్ను ఎలా ఉందని అడగడానికి సిగ్గుగా ఉంది. అడగకపోతే ఇంకా సిగ్గు.

ట్రెవర్


రెన్‌స్టో,
1974 మార్చి 24

ట్రెవర్‌కి,

ఇది నా సొంత దస్తూరీ. వరసలు కొండ దిగుతున్నట్టున్నాయని మ్యూరియల్ నవ్వుతోంది. నవ్వనీ.

ఒంటి కన్నుతో దూరం తెలియదు. టీ పోస్తే కప్పు పక్కన పడుతుంది. మెట్టు అనుకున్నదానికంటే ముందే కాలికి తగులుతుంది. పెరట్లో లిన్నెట్ టెన్నిస్ బంతి విసురుతుంటే పదికి నాలుగు పట్టుకుంటున్నాను. నిన్న ఏడోది జారిపోయాక, “ఇంతకుముందు నువ్వు బాగా పట్టేవాడివి నాన్నా” అంది. తిట్టినట్టు కాదు, నాకు గుర్తుచేస్తున్నట్టు. రంగుల ఫ్యాక్టరీ గోదాములో డబ్బాలకు చీటీలు అంటించే పని దొరికింది. పని మంచిదే.

నిన్నొకటి అడగాలి. చాలా రోజులుగా అడగాలనుకుంటున్నాను.

ఆ రోజు మీ కుడివైపు ఆటగాడి కాలు బంతికి తగలడం వరకూ నాకు గుర్తుంది. ఆ తర్వాత ఆసుపత్రి పైకప్పు. మధ్యలో ఏమీ లేదు. అది ఇక తిరిగి రాదంటున్నాడు డాక్టరు. రోజూ గోదాముకు నడుస్తూ ఆ ఖాళీలో నిలబడుతున్నాను. నేను సరిగ్గానే బయటికి వచ్చానా? ఆలస్యంగా వచ్చానా? పదిహేనేళ్ళలో నన్ను ఎన్నో అన్నారు కాని ఆలస్యంగా వస్తాడని ఎవరూ అనలేదు. మా వాళ్ళను అడిగితే అందరూ బురద అంటారు, దురదృష్టం అంటారు. మొహం చూసి మాట్లాడే మాటలవి. నా ఎదురుగా ఉన్నది నువ్వొక్కడివే. నువ్వు చెప్పు.

వాల్టర్


హార్ల్‌బీ,
1974 ఏప్రిల్ 15

గ్రైస్ గారికి,

జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. ఈస్టర్‌కి నాలుగు రోజుల్లో మూడు మ్యాచ్‌లు ఆడాం.

మీరడిగినది. అంతా ఒక్క క్షణంలో అయిపోయింది. బంతి బురదలో కొంచెం ఆగింది. మీరు బాగానే వచ్చారు. ఒక అర అడుగు ఆలస్యం అయిందేమో. అంతకంటే ఏమీ లేదు. ఎవరికైనా జరిగేదే.

ఇప్పటికి పదకొండు గోల్స్ కొట్టాను. అందులో ఏడు మోకాళ్ళు చూసి కొట్టినవే. మార్ల్‌బ్రిడ్జ్ నుంచి ఒకాయన రెండుసార్లు వచ్చి నా ఆట చూసి వెళ్ళాడట. వాళ్ళది మూడో డివిజన్, మాకంటే ఒక మెట్టు పైన. మీరు లేకపోతే ఇదేదీ లేదు.

ట్రెవర్


రెన్‌స్టో,
1974 మే 2

ట్రెవర్‌కి,

నిజం చెప్పినందుకు సంతోషం. అర అడుగు. నేనూ అంతే అనుకున్నాను. తెలియకుండా ఉండడం కంటే ఇదే నయం. సొంత తప్పుతో మనిషి సర్దుకోగలడు.

పోయిన వారం మా క్లబ్బు కార్యదర్శి ఇంటికి వచ్చాడు. పిల్లజట్టు గోలీలకు వారానికి మూడు సాయంత్రాలు నేర్పమని అడిగాడు. వద్దన్నాను. “ఎందుకు వాల్టర్, నీకన్నా బాగా చెప్పేవాడెవడు?” అన్నాడు. బయటికి ఎప్పుడు రావాలన్నదే గోలీ నేర్చుకోవాల్సిన మొదటి పాఠం. ఆలస్యంగా వచ్చి కన్ను పోగొట్టుకున్నవాడు ఎదురుగా నిలబడి అది చెబుతుంటే ఆ పిల్లలు నా మొహం వైపు చూడరూ? ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు. మ్యూరియల్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

మార్ల్‌బ్రిడ్జ్ మంచి క్లబ్బు. పిలిస్తే వెళ్ళు.

వాల్టర్


హార్ల్‌బీ,
1974 మే 9

గ్రైస్ గారికి,

మీరు ఆలస్యంగా రాలేదు.

మొన్న రాసింది అబద్ధం. నవంబర్లో రాసిందీ అబద్ధమే. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఆ రోజు మొదటి సగంలో మా వైపు నుంచి గాల్లోకి లేచిన ప్రతి బంతినీ మీరే పట్టుకున్నారు. విరామంలో మా గదిలోకి రాగానే పెల్లమ్ గారు నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. గట్టిగా అనలేదు. నెమ్మదిగానే అన్నారు.

“ఆ గోలీ ఇలా బయటికొస్తుంటే మనకి గోల్ పడదు. ఒక్కసారి గట్టిగా తగలనియ్. ఇక గీత దాటి రాడు.”

నేను, “ఎలాగండీ?” అన్నాను.

“ఎలాగేంటి? నీకు మోకాళ్ళు లేవా? వచ్చే ఏడు కూడా ఇక్కడే ఉండాలనుందా లేదా?”

నేను తలూపాను. బట్టీ గుర్తొచ్చింది. వేడి ఇటుకలకు మా నాన్న అరచేతుల మీద చర్మం ఊడిపోవడం గుర్తొచ్చింది.

బంతి వచ్చినప్పుడు మీరు నాకంటే ముందే అక్కడున్నారు. అర అడుగు ముందు కాదు, నిండా రెండడుగులు ముందు. బంతి మీ రెండు చేతుల్లోనూ ఉంది, గుండెకు హత్తుకుని ఉన్నారు. నాకు ఆగడానికి చోటుంది. పక్కకి తప్పుకోడానికీ చోటుంది. నేను మోకాలు ఎత్తాను. భుజానికి తగులుతుందనుకున్నాను. మీరు తల దించారు.

రిఫరీ ఫౌల్ ఇచ్చి నన్ను మాటలతో వదిలేశాడు. ఆట అయ్యాక పెల్లమ్ గారు నా పక్కనుంచి వెళ్తూ, “బాగుంది” అన్నారు. ఆ ఒక్క మాటే. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మాటకు ఆ నిమిషం నాకు సంతోషం వేసింది.

మీరు నాకు ఆట నేర్పారు. నేను మీకు అర అడుగు అంటగట్టాను. ఆ పిల్లలకు నేర్పనని మీరన్నారని చదివాక నాకు అన్నం సయించలేదు.

ఈ ఉత్తరం మీ దగ్గరే ఉంచుకోండి. పత్రికకివ్వండి, లీగు పెద్దలకు పంపండి, మీ ఇష్టం. రాసింది నేనే అని ఎక్కడైనా ఒప్పుకుంటాను. మార్ల్‌బ్రిడ్జ్ వాళ్ళు నిన్న కబురంపారు. మీరు ఏదో ఒకటి చెప్పేదాకా సంతకం పెట్టను.

ట్రెవర్ హాల్డెన్


రెన్‌స్టో,
1974 జూన్ 3

ట్రెవర్,

నువ్వు ఎదురుచూస్తుంటావని రాస్తున్నాను.

ఉత్తరం ఆయనే చదివారు. చదివి మడిచి, టోపీ పెట్టుకుని సముద్రపు కట్ట మీదికి వెళ్ళారు. నాలుగు గంటలు రాలేదు. వచ్చాక ఉత్తరం నా చేతికిచ్చి, “చదువు” అన్నారు. అప్పటి నుంచి ఆ సంగతి ఎత్తలేదు. తింటున్నారు, పనికెళ్తున్నారు, లిన్నెట్‌కి జడ వేస్తున్నారు.

నేనైతే ఆ రోజే కోటు తొడుక్కుని పత్రికాఫీసుకు బయల్దేరాను. గుమ్మం దగ్గర ఆపి, “అది నాకు రాసిన ఉత్తరం మ్యూరియల్” అన్నారు. ఆగిపోయాను. నీ మీద నాకున్న కోపం మాత్రం ఆగలేదు. మొదట్లో నువ్వెవరో తెలియక కోపంగా ఉండేది. ఇప్పుడు తెలిసి కోపంగా ఉంది. రెండోదే ఎక్కువ బాధ పెడుతుంది. నీ గోల్స్ పత్రికలో నేనే చదివి వినిపించాను కదా.

మ్యూరియల్


రెన్‌స్టో,
1974 జులై 21

ట్రెవర్,

మంగళవారం హార్ల్‌బీ వెళ్ళాను. నువ్వు సెలవులకు మీ ఇంటికి వెళ్ళి ఉంటావని తెలిసే వెళ్ళాను. నేను చూడాలనుకున్నది పెల్లమ్‌ని.

రైల్లో రెండున్నర గంటలు ఏమనాలో వరసగా పెట్టుకున్నాను. మైదానంలో గడ్డికి నీళ్ళు పడుతున్నారు. అతను మెట్ల మీద కూర్చుని సాండ్‌విచ్ తింటున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడి, “నేను వాల్టర్ గ్రైస్‌ని” అన్నాను.

“ఏ గ్రైస్?” అన్నాడు.

“రెన్‌స్టో గోల్‌కీపర్ని.”

సాండ్‌విచ్ ఇంకో ముక్క కొరికాడు. “ఆఁ, నడుం నొప్పని ఆట మానేశావు, నువ్వే కదూ? కూర్చో కూర్చో. ఇప్పుడెక్కడ ఆడుతున్నావ్?”

నా మొహంలోకి చూస్తూనే అడిగాడు. ఎడమ కన్ను ఎలా ఉందో నీకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. ఎవరికైనా చూడగానే తెలుస్తుంది. రైల్లో తయారు చేసుకున్న మాటల్లో ఒక్కటీ వాడలేదు. “ఎక్కడా లేదు” అన్నాను. టీ తాగుతావా అన్నాడు. వద్దని వచ్చేశాను.

తిరుగు రైల్లో నాకు తెలిసింది ఇది. ఆ మనిషికి అది ఒక మాట. సాండ్‌విచ్ తింటూ మర్చిపోయే మాట. నువ్వు తొమ్మిది నెలలుగా మోస్తున్నావు. అలాగని బరువు అతని వైపుకి జరపకు. మాట అతనిది, మోకాలు నీది.

క్షమించానని రాయమని నువ్వు అడగలేదు. అడగకు. ఆ మాట ఇప్పుడు నా దగ్గర లేదు. ఎప్పుడైనా ఉంటుందో ఉండదో చెప్పలేను. నేను ఆలస్యంగా రాలేదన్న సంగతి మాత్రం నువ్వే ఇచ్చావు. అన్నాళ్ళు దాచి ఇచ్చావు. ఇచ్చినందుకు కృతజ్ఞత, దాచినందుకు కోపం, రెండూ ఉన్నాయి. పిల్లజట్టుకు నేర్పుతానని కార్యదర్శికి కబురు పంపాను. ఐదుగురు వచ్చారు. అందులో ఒకడికి నిజంగా గోలీకి ఉండాల్సిన చేతులున్నాయి.

నీ ఉత్తరం బీరువాలో ఉంది. ఎవరికీ చూపించను. దయతో కాదు. చూపిస్తే జనం ఒక నెల మాట్లాడుకుని పెల్లమ్‌లాగే మర్చిపోతారు. నా దగ్గరుంటే మనిద్దరం మర్చిపోం.

మార్ల్‌బ్రిడ్జ్‌లో సంతకం పెట్టు. అక్కడా మైదానం గీత పక్కన ఒక పెల్లమ్ నిలబడి ఉంటాడు.

వాల్టర్ గ్రైస్


మార్ల్‌బ్రిడ్జ్,
1974 సెప్టెంబర్ 15

గ్రైస్ గారికి,

నిన్నటి సంగతి పత్రికలో చదివే ముందు నేనే చెప్పాలనుకున్నాను. ఈ ఉత్తరం చేరేలోపే చదివి ఉంటారు.

ఇక్కడ మా మేనేజర్ మంచివాడే. అందరినీ ఇంటిపేరు కాకుండా పేరు పెట్టి పిలుస్తాడు. నిన్న ఆటకు ముందు బూట్లు కట్టుకుంటుంటే వచ్చి, “ట్రెవర్, వాళ్ళ గోలీ చీలమండకి కట్టు ఉంది. మొదటి బంతికే వెళ్ళి ఒకసారి పలకరించు” అన్నాడు.

“నేను చెయ్యనండి” అన్నాను.

గదిలో బూట్లు కట్టుకుంటున్నవాళ్ళంతా మా వైపు తిరిగారు.

“చెయ్యవా? మరి నిన్నెందుకు తెచ్చుకున్నట్టు?”

“గోల్ కొట్టడానికి.”

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. నా చొక్కా ఇంకొకడికిచ్చి, బయట కూర్చునే మార్పిడి ఆటగాడి పన్నెండో నంబరు చొక్కా నా ఒళ్ళో పడేశాడు.

చివరి ఇరవై నిమిషాలకు దింపారు. ఒకే ఒక్క బంతి వచ్చింది. గోలీ నా కాళ్ళ మీదికి దూకాడు. అతను ముందే పట్టుకున్నాడు. నేను అతని మీదినుంచి దూకి అవతల పడ్డాను. మణికట్టు బెణికింది. మా వెనకాల జనం, “డాన్సు బాగుందిరా” అని అరిచారు. ఆట గోల్ లేకుండా ముగిసింది. వచ్చే శనివారం జాబితాలో నా పేరు ఉంటుందనుకోను.

ఆట అయ్యాక ఆ గోలీ చెయ్యి కలిపాడు, ఇంకో పదిమందితో కలిపినట్టే. అతనికేమీ తెలియదు. తలస్నానం చేసి, బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు.

ట్రెవర్


రెన్‌స్టో,
1974 సెప్టెంబర్ 18

ప్రియమైన ట్రెవర్,

శనివారం సాయంత్రం పత్రికలో మీ మ్యాచ్ గురించి నాలుగు వాక్యాలు వేశారు. నీ గురించి ఆఖరిది. “మార్పిడి ఆటగాడు హాల్డెన్ చెప్పుకోదగినది ఏమీ చేయలేదు.” మ్యూరియల్ చదివి, పత్రిక మడిచి పొయ్యి రాజేయడానికి పక్కన పెట్టేసింది. నాకూ విసుగేసింది.

ఈ ఉదయం నీ ఉత్తరం వచ్చింది. ఇద్దరం చదివాం. మ్యూరియల్ లేచి వెళ్ళి, కట్టెల బుట్టలోంచి ఆ పత్రిక తీసి, మడతలు సాపు చేసింది.

నువ్వు ఏమీ చేయలేదన్న ఆ వాక్యం ఇంకోసారి చదవమన్నాను.

వాల్టర్